సబ్జెక్టు మెథడ్స్ చెప్పేవాళ్ల "పరిశోధన ఆసక్తులు": ఎంతవరకు కుదించాలి?

సుద్దముక్క:

ఉపాధ్యాయ శిక్షణ కోర్సులో భౌతికశాస్త్ర బోధన పేపరు చెబుతున్నాను. విభాగం పేజీలో ప్రతి అధ్యాపకుడూ తన పరిశోధన ఆసక్తులను మూడు నాలుగు వాక్యాల్లో పెట్టాలి. "బోధనా పద్ధతులు, ఉపాధ్యాయ విద్య, నిర్మాణాత్మక వాదం, విద్యలో సాంకేతికత" అని ఇచ్చాను. "ఇది ఏ సబ్జెక్టు వాళ్లయినా రాసుకోవచ్చు, మళ్ళీ రాయండి" అని తిప్పి పంపారు.

సందేహాలు ఇవీ. బడిలో సబ్జెక్టు చెప్పబోయే టీచర్లను తయారుచేసేవాళ్లు అసలు దేన్ని పరిశోధిస్తారు: సబ్జెక్టునా, పిల్లల్నా, ఛాత్రోపాధ్యాయుల్నా (శిక్షణలో ఉన్న కాబోయే టీచర్లనా)? ఆసక్తిని ఎంతవరకు కుదించాలి? క్లాసులూ, టీచింగ్ ప్రాక్టీస్ పర్యవేక్షణా ఉండగా ఒక్క మనిషి ఎంత దత్తాంశం సేకరించగలరు?

త్రిజ్య:

మీరిచ్చిన నాలుగూ సిలబస్‌లో యూనిట్ల పేర్లండీ. వాటి మీద పాఠం చెప్పొచ్చు కానీ, వాటిలో ప్రశ్న లేదు. ఆసక్తి అనిపించుకోవాలంటే అందులో మూడు విషయాలు కనబడాలి: ఏ పాఠ్యాంశం, ఎవరి ఆలోచన, అది ఏ ఆధారంలో బయటపడుతుంది.

మీ మొదటి సందేహానికి జవాబు 1986లో లీ షుల్మన్ రాసిన వ్యాసం దగ్గర మొదలవుతుంది. టీచరుకు సబ్జెక్టు వచ్చా అన్నది ఒక లెక్క, పాఠం చెప్పడం వచ్చా అన్నది ఇంకో లెక్కగా నడుస్తున్న రోజులవి. ఈ రెండూ కలిసేచోట వేరే జ్ఞానం ఒకటి ఉందని ఆయన అన్నారు. ఫలానా పాఠ్యాంశం ఏ ఉదాహరణతో, ఏ బొమ్మతో, ఏ పోలికతో చెబితే అందుతుంది, పిల్లలు ముందే ఏ అభిప్రాయంతో వచ్చి కూర్చుంటారు, ఎక్కడ తడబడతారు అనేదే ఆ జ్ఞానం. పీసీకే, అంటే విషయ బోధనా జ్ఞానం అని మనం పిలుచుకునేది ఇదే. భౌతికశాస్త్రవేత్తకు ఇది ఉండాలన్న నియమం లేదు, చరిత్ర టీచరుకు మీ సబ్జెక్టులో ఇది ఉండదు. మెథడ్స్ అధ్యాపకుల సొంత పొలం ఇదే.

అలాగని "నా ఆసక్తి పీసీకే" అని రాసినా చాలదు. అది పాఠ్యాంశాన్ని అంటిపెట్టుకుని ఉంటుంది. కాంతి పాఠం గొప్పగా చెప్పేవారు విద్యుత్తు దగ్గర తేలిపోవచ్చు. కాబట్టి ముందు పాఠ్యాంశం ఎంచుకోండి.

విద్యుత్ వలయాలే తీసుకుందాం. పిల్లల బుర్రల్లో నాలుగు రకాల నమూనాలు ఉంటాయని 1980ల నుంచి చూస్తున్నారు. బ్యాటరీ నుంచి బల్బుకు ఒక్క తీగ చాలు, రెండోది ఊరికే ఉందనుకోవడం ఒకటి. రెండు కొనల నుంచీ కరెంటు బయల్దేరి బల్బులో ఢీకొంటుందనుకోవడం ఇంకొకటి. బల్బు కొంత కరెంటును తినేసి మిగిలింది వెనక్కి పంపుతుందనుకోవడం మూడోది. వలయమంతా ప్రవాహం ఒకటేనన్న సరైన నమూనా నాలుగోది. వీటిలో మూడోది మహా మొండిది. శ్రేణిలో ఉన్న రెండు ఒకేరకం బల్బుల్లో ఏది ఎక్కువ వెలుగుతుందని అడగండి, వెంటనే బయటపడుతుంది.

ఇక్కడివరకు పిల్లల మీద పరిశోధన. శిక్షకుల పరిశోధన దీనిపైన ఇంకో అంతస్తు. ఛాత్రోపాధ్యాయులకు ఇదే ప్రశ్న ఇచ్చి మూడు అడగాలి. మీ సమాధానం ఏమిటి? హైస్కూలు పిల్లలు ఎక్కువగా ఏ తప్పు సమాధానం ఇస్తారు, ఎందుకు? ఆ తప్పు చెప్పిన పిల్లను మీరు తర్వాత ఏం అడుగుతారు? మొదటిదానితో సబ్జెక్టు తెలుస్తుంది, రెండోదానితో పిల్లల ఆలోచన ఎంత తెలుసో తెలుస్తుంది. అసలు గుట్టు మూడోదానిలో ఉంది.

మూడోదాని దగ్గర "మళ్ళీ వివరిస్తాను", "ప్రయోగం చేసి చూపిస్తాను" అన్న సమాధానాలు కుప్పలుగా వస్తాయి. వీటిని పీసీకే కింద లెక్కవేయకండి. "అమ్మీటరును బల్బుకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి పెట్టి రీడింగులు పోల్చమంటాను, పెట్టేముందు అంచనా రాయిస్తాను" అంటే లెక్కవేయొచ్చు. ఇందులో ఒక కిటుకు కూడా ఉంది. రెండు వేర్వేరు అమ్మీటర్లు పెడితే వాటి మధ్య సహజంగా ఉండే చిన్న తేడానే పిల్లలు "చూశారా, బల్బు తినేసింది" అనడానికి సాక్ష్యంగా పట్టుకుంటారు. ఒకే మీటరును చోటు మార్చి పెట్టాలి. ఈ చిక్కును ముందే ఊహించిన ఛాత్రోపాధ్యాయుడికి, ఊహించనివాడికి మధ్య తేడాయే మీరు కొలవాల్సింది.

ఈ జ్ఞానాన్ని కాగితం మీదికి రాబట్టడానికి జాన్ లోగ్రన్ బృందం తయారుచేసిన కోర్ (CoRe, కంటెంట్ రిప్రజెంటేషన్) పట్టిక ఉంది. నిలువు గడుల్లో పాఠ్యాంశంలోని ముఖ్య భావనలు, అడ్డంగా 8 ప్రశ్నలు: ఇది పిల్లలు ఎందుకు తెలుసుకోవాలి, మీకు తెలిసినా ఇప్పుడే చెప్పనిది ఏది, ఎక్కడ ఇబ్బంది పడతారు, అర్థమైందని ఎలా తెలుసుకుంటారు, ఇలా. మొదటిసారి 3 భావనలకు మించి పెట్టకండి, 8 ప్రశ్నలతో కలిస్తే అప్పటికే 24 గడులు. ముఖ్య భావన గడిలో చాలామంది "ఓమ్ నియమం" అని శీర్షిక రాసేస్తారు. అక్కడ ఉండాల్సింది పూర్తి వాక్యం: "వలయంలో కరెంటు ఖర్చు కాదు, శక్తి బదిలీ అవుతుంది." శీర్షిక రాసిన గడి కింద మిగతా ప్రశ్నలన్నిటికీ పొడిపొడి జవాబులే వస్తాయి.

దశాంశబిందువు:

త్రిజ్య గారు చెప్పినదానికి గణితం వైపు నుంచి ఒక హెచ్చరిక. ప్రశ్నపత్రం సరిగా కూర్చకపోతే సరైన సమాధానాలే మోసం చేస్తాయి.

దశాంశాలను పోల్చడం చూడండి. 0.45, 0.6లలో ఏది పెద్దదంటే కొందరు 0.45 అంటారు, అంకెలు ఎక్కువున్నది పెద్దదని వాళ్ల లెక్క. ఇంకొందరిది తిరగేసిన లెక్క: పదో వంతు కంటే నూరో వంతు చిన్నది కదా, కాబట్టి అంకెలు తక్కువున్నదే పెద్దది. ఈ రెండోరకం వాళ్లు 0.6 అనే అంటారు. సమాధానం ఒప్పు, కారణం తప్పు. వాళ్లను పట్టుకోవాలంటే 0.75, 0.5 ఇవ్వాలి. ఇప్పుడు మొదటిరకం వాళ్లు తప్పు కారణంతో గట్టెక్కుతారు. కాబట్టి రెండురకాల జతలూ కనీసం నాలుగైదు చొప్పున కలిపి ఇవ్వాలి, అంకెల సంఖ్య సమానంగా ఉన్న జతలు కొన్ని మధ్యలో కలపాలి. మొత్తం మార్కు చూడకూడదు, ఏ రకం జతల్లో తప్పారో ఆ వరస చూడాలి. మొత్తం చూస్తే రెండు రకాల వాళ్లకూ సగం సగం మార్కులు వచ్చి ఒకేలా కనబడతారు.

టీచర్ల జ్ఞానం కొలిచే ప్రశ్నల్లో బాగా పేరుపడింది లిపింగ్ మా 1999 నాటి పుస్తకంలోనిది: 1¾ ÷ ½ చేసి, దానికి సరిపోయే ఒక కథా లెక్క తయారుచేయండి. తిరగేసి గుణించి 3½ అని చెప్పేవాళ్లు కూడా కథ దగ్గర ఆగిపోతారు. "ఒకటి ముప్పాతిక రొట్టెను ఇద్దరికి పంచితే" అని రాస్తే అది 2తో భాగించడం. కావాల్సింది "1¾ మీటర్ల తాడులో అర మీటరు ముక్కలు ఎన్ని" లాంటిది. లెక్క చేయడానికి, లెక్క చెప్పడానికి కావాల్సిన గణితం వేరు వేరని 2008లో డెబొరా బాల్ బృందం వర్గీకరించింది కూడా ఇలాంటి తేడాల ఆధారంగానే.

ఇది పిల్లల చదువు దాకా వెళుతుందా అంటే, జర్మనీలో సెకండరీ గణిత టీచర్ల మీద చేసిన కోయాక్టివ్ అధ్యయనం ఉంది. పిల్లల పురోగతిని వట్టి గణిత జ్ఞానం కంటే పీసీకేనే బాగా సూచించిందని 2010లో ప్రచురించారు. అలాగని సబ్జెక్టు తీసి పక్కన పెట్టొచ్చని కాదు, సబ్జెక్టు పలచగా ఉన్నచోట పీసీకే పెరగదు.

"విద్యలో సాంకేతికత" అన్న ముక్క మాత్రం తీసేయండి. సాంకేతికత, బోధన, విషయం మూడూ కలిసిన జ్ఞానాన్ని వివరించే టీప్యాక్ నమూనా (మిశ్రా, కోలర్, 2006) పేరుతో వచ్చే ప్రశ్నావళుల్లో ఎక్కువ భాగం "నేను చేయగలను" అన్న వాక్యాలకు 5 గడులిచ్చి టిక్కు పెట్టించేవే. అవి కొలిచేది ఆత్మవిశ్వాసం, జ్ఞానం కాదు.

మార్జిన్‌లో_రాత:

భాష, చరిత్ర మెథడ్స్ వాళ్లు చదువుతుంటే వారికోసం కొంచెం. పైన చెప్పిన తప్పు నమూనాలకు వాడే "అపోహ" అన్న మాట మన దగ్గర అంత బాగా అతకదు. చరిత్రలో ప్రశ్న నైపుణ్యం గురించి. 1991లో శామ్ వైన్‌బర్గ్ చరిత్రకారుల చేత, హైస్కూలు విద్యార్థుల చేత ఒకే చారిత్రక పత్రాలు బిగ్గరగా ఆలోచిస్తూ చదివించారు. చరిత్రకారులు ముందు రాసిందెవరో చూస్తారు, పత్రాన్ని పత్రంతో పోలుస్తారు. పిల్లలు మొదటి వాక్యం నుంచి చివరి వాక్యం దాకా సమాచారం ఏరుకుంటారు. ఛాత్రోపాధ్యాయులు ఈ ఇద్దరిలో ఎవరిలా చదువుతారు, వాళ్ల పాఠ్య పథకంలో ఆ చదువు కనబడుతుందా అన్నది సొంపైన ఆసక్తి.

భాష వైపు, పిల్లల వ్యాసాల మీద టీచరు రాసే వ్యాఖ్యలు మంచి ముడిసరుకు. రెండో భాషలో రాసే పిల్లలకు వ్యాకరణ దోషాలు దిద్దడం దండగ అని 1996లో ట్రస్కాట్ వాదిస్తే ఫెరిస్ ఎదురువాదం చేశారు, ఆ వాదన ఏళ్లతరబడి సాగింది. పది వ్యాసాలను ఇరవై మంది ఛాత్రోపాధ్యాయుల చేత దిద్దిస్తే 200 దిద్దిన కాగితాలు వస్తాయి. ఎన్ని వ్యాఖ్యలు అక్షరదోషాల మీద, ఎన్ని భావం మీద అని లెక్కపెట్టడానికి ఏ పరికరమూ అక్కర్లేదు.

సుద్దముక్క:

అందరికీ ధన్యవాదాలు. విద్యుత్ వలయాలకే కట్టుబడతాను. రెండు అనుమానాలు మిగిలాయి. పది తరగతుల్లో 400 మంది పిల్లలు దొరుకుతారు. సగం తరగతుల్లో ఛాత్రోపాధ్యాయులు కోర్ పట్టిక వేసుకుని చెబుతారు, సగంలో మామూలు పాఠ్య పథకంతో. ముందు పరీక్ష, తర్వాత పరీక్ష, తేడా చూపిస్తే సరిపోతుందా? 400 అంటే పెద్ద నమూనాయే కదా? రెండోది, నా ఛాత్రోపాధ్యాయుల మీద నేనే పరిశోధన చేయొచ్చా?

మధ్యగతం:

400 పెద్ద నమూనాలా కనిపిస్తుంది, కాదు. ఒకే గదిలో ఒకే టీచరు దగ్గర కూర్చున్న పిల్లలు ఒకరినొకరు పోలి ఉంటారు. ఆ పోలికను అంతర్వర్గ సహసంబంధం అంటాం. అది 0.2 అనుకుంటే, తరగతికి 40 మంది చొప్పున, నమూనా విలువ తగ్గే గుణకం 1 + (40 − 1) × 0.2 = 8.8. అంటే 400 ÷ 8.8, దాదాపు 45 మంది విడివిడి పిల్లలతో సమానం. అటు 22, ఇటు 23 అన్నమాట. 400 మందినీ విడి మనుషులుగా టీ-టెస్టులో (రెండు గుంపుల సగటులను పోల్చే పరీక్షలో) వేస్తే లేని తేడా ఉన్నట్టు తేలే ప్రమాదం ఉంది. ప్రతి తరగతిలో పిల్లల్ని పెంచితే లాభం లేదు, తరగతులను పెంచాలి. అది ఒక్కరి వల్ల అయ్యే పని కాదు.

ఇంకో లోపం, మీ ప్రయోగంలో పద్ధతీ టీచరూ కలిసిపోయి ఉన్నాయి. అటు ఐదుగురు, ఇటు ఐదుగురు. అటువైపు ఇద్దరు సహజంగా బాగా చెప్పేవాళ్లు పడితే ఫలితం పట్టికకు జమ అవుతుంది. పద్ధతి-ప్రతి-పద్ధతి పోటీలు ఎన్ని వచ్చినా ఈ రంగం ముందుకు కదలకపోవడానికి కారణం చాలావరకు ఇదే అని నా అభిప్రాయం.

ఒక్కరే చేయగలిగేది లోతుగా, తక్కువమందితో. ఉదాహరణకు టీచింగ్ ప్రాక్టీస్‌లో పాఠం అయ్యాక పర్యవేక్షకుడు, ఛాత్రోపాధ్యాయుడు కూర్చుని మాట్లాడుకునే చర్చ. ఒక్కోటి 15 నిమిషాలు, 12 చర్చలు రికార్డు చేస్తే 3 గంటలు. గంట మాటలను అక్షరరూపంలో పెట్టడానికి 5, 6 గంటలు పడుతుంది కాబట్టి 15 నుంచి 18 గంటల పని. సెలవుల్లో పూర్తవుతుంది. వీడియో జోలికి వెళ్లకండి. తరగతి గది గోలలో వెనక బెంచీ మాటలు వినబడవు, ప్రతి గంటకూ శ్రమ రెట్టింపవుతుంది.

ఆ మాటలను "భౌతికశాస్త్రం గురించి", "తరగతి అదుపు, బోర్డు పని, గొంతు వగైరా గురించి" అని రెండు కుప్పలు చేయాలి. ఇద్దరు విడివిడిగా చేయాలి. ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. 100లో 85 మాటల దగ్గర ఇద్దరూ ఏకీభవించారంటే బాగానే ఉందనిపిస్తుంది. కాని ఇద్దరూ 80 మాటలను రెండో కుప్పలోనే వేశారనుకోండి, కళ్లు మూసుకుని వేసినా 0.8 × 0.8 + 0.2 × 0.2 = 0.68 ఏకీభావం దానంతటదే వస్తుంది. ఈ దానంతటదే వచ్చే భాగాన్ని తీసేసి ఏకీభావాన్ని కొలిచే కోహెన్ కప్పా (0.85 − 0.68) ÷ (1 − 0.68), అంటే 0.53. మధ్యస్థం. ఇలా వస్తే కోడర్‌ను (కుప్పలు వేసే మనిషిని) మార్చకండి, కోడ్ (కుప్ప) నిర్వచనాన్ని మార్చండి. "బోర్డు మీద వలయం బొమ్మ సరిగ్గా వేయలేదు" అన్నది బోర్డు పనా, భౌతికశాస్త్రమా? నిర్వచనం పక్కన ఇలాంటి సరిహద్దు ఉదాహరణలు నాలుగైదు రాసుకుని, కొత్త మాటల మీద మళ్ళీ మొదలుపెట్టాలి. పాత వాటినే మళ్ళీ కోడ్ చేస్తే గుర్తుండి కలుస్తాయి.

ఇక మీ ఛాత్రోపాధ్యాయుల సంగతి. చేయొచ్చు, కాని వాళ్ల ఇంటర్నల్ మార్కులు మీ చేతిలో ఉన్నంతకాలం వాళ్ల "సరే" నిజమైన సరే కాదు. సమ్మతి పత్రాలు వేరే వ్యక్తి తీసుకోవాలి, కవరు అంటించి ఉంచాలి, మార్కులు వెళ్లిపోయాకే మీరు తెరవాలి. ఎవరు ఒప్పుకున్నారో అప్పటిదాకా మీకు తెలియకూడదు. పట్టికలు, రాతపనులు అందరూ కోర్సులో భాగంగా ఎలాగూ చేస్తారు కాబట్టి ఇబ్బంది ఉండదు. రికార్డింగు అలా ఎలాగూ జరిగేది కాదు, దానికి ముందే ఒప్పుదల కావాలి. అందుకే మీరు పర్యవేక్షించే చర్చలు వదిలి, ఇంకొకరు పర్యవేక్షించేవి రికార్డు చేయండి. బడిపిల్లల గొంతులు పడేచోట తల్లిదండ్రుల అనుమతి వేరుగా తీసుకోవాలి.

త్రిజ్య:

మధ్యగతం గారి మాటకు చిన్న చేర్పు. ప్రశ్నలు అడిగాక టీచరు ఎంతసేపు ఆగుతారో చూడాలంటే కూడా ఆడియోయే చాలు. సగటున సెకను కంటే పెద్దగా ఆగరని, 3 సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడవవుతాయని మేరీ బడ్ రో 1970ల్లో చూపించినది టేపులు విన్నాకే. అందరూ ప్రశ్న తర్వాతి విరామాన్ని కొలుస్తారు. పిల్ల జవాబు చెప్పాక టీచరు ఆగే రెండో విరామాన్ని మరిచిపోతారు. బల్బు కరెంటు తినేస్తుందన్న పిల్ల రెండో వాక్యం చెప్పేది ఆ విరామంలోనే.

పాతఅట్ట:

వెతికేటప్పుడు ఒక మాట. "పెడగాజీ" అని మాత్రమే కొడితే సగం సాహిత్యం తప్పిపోతుంది. జర్మన్, ఫ్రెంచ్ సంప్రదాయాల్లో ఈ పనినంతా "డిడాక్టిక్స్" అంటారు. జర్మన్‌లో "ఫాఖ్‌డిడాక్టిక్" అంటే అచ్చంగా సబ్జెక్టు బోధనాశాస్త్రం. ఫ్రెంచ్ వైపు ఈవ్ షెవల్లార్ 1980ల్లో చెప్పిన ఆలోచన మీకు పనికొస్తుంది: శాస్త్రవేత్తల జ్ఞానం బడిపుస్తకంలోకి వచ్చేసరికి రూపం మారుతుంది, ఆ మార్పునే పరిశీలించాలి. పుస్తకంలో బ్యాటరీని ఒక చోట "విద్యుత్ జనకం" అని, ఇంకో చోట "శక్తి జనకం" అని రాస్తే కరెంటు ఖర్చవుతుందన్న ఊహ ఎక్కడి నుంచి వచ్చిందో అక్కడే దొరకవచ్చు. పాఠ్యపుస్తకాల పరిశీలనకు అనుమతులు అక్కర్లేదు, పిల్లలూ అక్కర్లేదు. మొదటి వ్యాసానికి ఇంతకంటే తేలిక దారి లేదు.

సుద్దముక్క:

తిరగరాశాను, చూడండి:

"శ్రేణి, సమాంతర వలయాల్లో విద్యుత్ ప్రవాహం గురించి హైస్కూలు పిల్లలకుండే తప్పు నమూనాలను భౌతికశాస్త్ర ఛాత్రోపాధ్యాయులు ఎలా గుర్తిస్తారు, గుర్తించాక ఏ ప్రశ్న వేస్తారు అన్నది పరిశీలిస్తాను. టీచింగ్ ప్రాక్టీస్ పాఠం తర్వాతి చర్చల్లో భౌతికశాస్త్రానికి ఎంత చోటు దక్కుతుందో ఆడియో రికార్డుల ద్వారా చూస్తాను. తద్వారా ఛాత్రోపాధ్యాయుల విషయ బోధనా జ్ఞానాన్ని మెరుగుపరచడం నా లక్ష్యం."

త్రిజ్య:

మొదటి రెండు వాక్యాలు నిలబడతాయి. మొదటిదాంట్లో "ఎలా గుర్తిస్తారు" బదులు "ఎంతవరకు గుర్తిస్తారు" అనండి. "ఎలా" అంటే గుర్తిస్తారని మీరే ముందు ఒప్పుకున్నట్టవుతుంది. మూడోది కొట్టేయండి. మెరుగుపడిందని చూపాలంటే మధ్యగతం గారు చెప్పిన 8.8 మళ్ళీ ఎదురవుతుంది. ఆ చోట పరికరాలు రాయండి: కోర్ పట్టికలు, సమాధానంతో పాటు కారణం కూడా అడిగే రెండంచెల ప్రశ్నలు, పాఠ్యపుస్తకాల పరిశీలన. మీతో కలిసి పనిచేయాలనుకునేవాళ్లు ముందు వెతికేది ఆ వాక్యమే.